పంపులో పాలు తగ్గితే ముందు కాటా చూడండి

పనిలోకెళ్లే తల్లులు రొమ్ముపాలు తీసుకునే పంపు (బ్రెస్ట్ పంపు) సీసాలో పాలు తగ్గగానే ఇంట్లో మొదట వినపడే మాట "పిల్లకి తిండి సరిపోవట్లేదు". రెండోది "పనిలోకెళ్తే పాలు ఇంకిపోవూ మరి!" ఈ రెండు మాటలకీ మెంతులు నానబెట్టడం మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. మిర్చి యార్డులో తూకం తక్కువొస్తే రైతు ఇంటికెళ్లి చేనుని తిట్టడు, ముందు కాటా సరిగ్గా ఉందో లేదో చూస్తాడు. పాల దగ్గరా వరస అదే. ముందు మిషను, తర్వాత టైము, ఆ తర్వాత ఇంట్లో బిడ్డకి పాలు పట్టే తీరు, ఆఖరున మన ఒళ్లు. మొదటి మూడూ పెద్ద ఖర్చు లేకుండా మనమే సరిచేసుకోగలిగినవి. ఎక్కువమందికి తేడా వాటిలోనే దొరుకుతుంది.

నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర, చుట్టుగుంట వైపు, ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం, ధరల చీటీలు), రైతుల ఖాతాలు, హమాలీ కూలి, జీఎస్టీ అన్నీ నా మీదే. ఇల్లు కొరిటెపాడు. పాపకి నాలుగో నెల నిండాక ఫిబ్రవరిలో మళ్లీ పనిలో చేరాను, అంటే సరిగ్గా సీజను నడిమధ్య. యార్డుకి రోజుకి లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి దిగే రోజులవి. మార్చి వచ్చేసరికి, పొద్దున పదకొండింటి పంపులో 120 మి.లీ. వచ్చే చోట 70 రావడం మొదలైంది.

నిజంగానే తగ్గాయా?

కాన్పయిన కొత్తలో రొమ్ములు రాయిలా బరువెక్కి, చీర తడిసిపోతూ ఉంటాయి. ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్యలో ఒళ్లు బిడ్డ అవసరానికి సర్దుకుని, ఎన్ని కావాలో అన్నే తయారుచేస్తుంది. రొమ్ము మెత్తబడుతుంది, కారడం ఆగిపోతుంది. అది చూసి పాలు పోయాయనుకునే వాళ్లే ఎక్కువ. పోలేదు.

ఇంకోటి, పొద్దుటి పంపునీ సాయంత్రం పంపునీ పోల్చకండి. చాలామందికి తెల్లవారుజామున ఎక్కువ, పొద్దుపోయే కొద్దీ తక్కువ వస్తాయి. సోమవారం పదకొండింటివి మంగళవారం పదకొండింటితోనే పోల్చాలి. అలా వారం రోజులు చూసి అప్పుడు అనుకోవాలి తగ్గాయని. ఒక్క పూట సీసా చూసి బెంగ పడితే, ఆ బెంగకే తర్వాతి పూట పాలు చేపుకి రావు.

పంపుకి వచ్చినన్ని పాలే ఉన్నాయని కూడా కాదు. చాలామంది పిల్లలు నోటితో లాగినంత బాగా మిషను లాగలేదు. బిడ్డకి సరిపోతున్నాయా అన్నది సీసా చెప్పదు, బిడ్డే చెబుతుంది. రోజుకి ఆరు లేదా అంతకంటే ఎక్కువ సార్లు ఉచ్చ పోస్తోందా, బరువు పెరుగుతోందా అన్నవి చూడండి. ఈ రెండూ బాగుంటే తొందరేం లేదు. ఉచ్చ తగ్గినా, ఉచ్చ రంగు ముదురు పసుపైనా, బరువు పెరగకపోయినా ఇవేమీ చదువుతూ కూర్చోకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మిషను

పంపులో అన్నిటికంటే ముందు అరిగిపోయేది వాల్వు. బాతు ముక్కులా చీలిక ఉండే ఆ చిన్న సిలికాన్ ముక్క లేదా పల్చటి తెల్ల పొర. రోజుకి మూడు నాలుగు సార్లు వాడే వాళ్లకి ఒకటి నుంచి మూడు నెలల్లో అది సాగిపోతుంది. మోటారు చప్పుడు మామూలుగానే వస్తుంది, అందుకే అనుమానం రాదు, లాగే బలం మాత్రం ఉండదు. వెలుతురు వైపు పట్టుకుని చూడండి. చీలిక అంచులు ఒకదానికొకటి అంటుకోకుండా సందు కనపడితే దాని పని అయిపోయినట్టే. నాది అలాగే ఉంది. కొత్తపేటలో ఆస్పత్రుల మధ్య మెడికల్ షాపుల్లో నా మోడల్‌ది దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించాను. ఒకేసారి రెండు జతలు తెప్పించి ఒకటి కొట్టులో డ్రాయరులో పెట్టుకోండి. ట్యూబులో నీటి చెమ్మ ఉందా, చివర్లు వదులయ్యాయా, ఛార్జింగు నిండా ఉందా అన్నవీ అదే చేత్తో చూసేయండి. ఛార్జింగు దిగిన కొద్దీ కొన్ని పంపుల ఊపు తగ్గుతుంది.

తర్వాత ఫ్లాంజ్, అంటే రొమ్ముకి ఆనించుకునే గరాటు. పెట్టెలో మామూలుగా 24 మిల్లీమీటర్లదో 28దో ఇస్తారు, అందరికీ అదే సరిపోతుందన్నట్టు. చాలామందికి అది పెద్దదవుతుంది. పంపు చేయక ముందు చనుమొన వెడల్పు చిన్న స్కేలుతో కొలవండి. ఆ కొలత దగ్గర మొదలుపెట్టి రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దది వరకు ఏది నొప్పి లేకుండా పాలు బాగా తీస్తుందో అది మీ సైజు. పంపు నడిచేటప్పుడు చనుమొన గొట్టం గోడలకి రాసుకుంటున్నా, చివర తెల్లగా పాలిపోతున్నా సైజు చిన్నది. చుట్టూ ఉన్న నల్లటి భాగం బాగా లోపలికి వెళ్తోందంటే పెద్దది. సైజులు నెలలు గడిచే కొద్దీ మారతాయి కూడా.

లాగే బలం పెంచితే పాలు ఎక్కువొస్తాయన్నది ఉత్త మాట. నొప్పి పుడితే చేపు ఆగిపోతుంది. నొప్పి లేని చోటు వరకే పెంచి, అక్కడ ఆపండి. ముందు వేగంగా, తేలిగ్గా లాగే మోడ్ పెట్టి పాలు చేపుకి వచ్చాక నిదానంగా, గట్టిగా లాగే మోడ్‌కి మార్చాలి. ధార సన్నబడ్డాక కట్టేయకుండా మళ్లీ మొదటి మోడ్ రెండు నిమిషాలు పెట్టి చూడండి. రెండో చేపు వస్తుంది చాలామందికి.

చేతుల మాట మిషను మాటకంటే పెద్దది. పంపుకి ముందు ఒక నిమిషం రొమ్ముని చంక వైపు నుంచి మొన వైపుకి మెత్తగా నిమరండి. నడుస్తున్నప్పుడు గట్టిగా ఉన్న చోట తేలిగ్గా అదమండి. ఆపాక చేత్తో ఇంకొంచెం పిండండి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, మొనకి అంగుళం, అంగుళంన్నర వెనకగా పెట్టి, ముందు ఛాతీ వైపుకి నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తేవాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. పంపు "అయిపోయాయి" అన్నాక కూడా నాకు ఇలా పాలు వచ్చేవి, అవే చిక్కటివి.

మా యార్డు వాళ్లకి మాత్రమే పనికొచ్చే ముక్క ఒకటి చెప్పాలి. తేజ రకం మిర్చి పట్టుకున్న చేత్తో పొరపాటున కూడా రొమ్ము ముట్టుకోకండి. నేను కాయ ముట్టుకోను, కానీ రైతు ఇచ్చే చీటీ మీద, నోట్ల మీద, కంప్యూటరు కీల మీద కూడా ఘాటు ఉంటుంది. ఉత్త నీళ్లకి అది పోదు, నూనెకి లొంగుతుంది. ముందు అరచేతులకి, గోళ్ల సందుల్లో కొబ్బరినూనె పట్టించి, పాత గుడ్డతో తుడిచేసి, అప్పుడు సబ్బుతో రెండుసార్లు కడగాలి. చేతి వెనక భాగం పెదవికి తాకించి చూసుకుంటాను, మంట లేకపోతేనే సంచీ తెరుస్తాను. పంపు సంచీ జిప్పు ఎప్పుడూ వేసి, పైన ఇంకో కవరు. "ఊరినిండా మిర్చి కోల్డ్ స్టోరేజీలే కదక్కా, పాలు అక్కడ పెట్టుకోకపోయావా" అని మా కొట్టులో కుర్రాడు అడిగాడు. కారప్పాలు తాగిస్తావా నాయనా నా బిడ్డకి, అన్నాను.

టైము

రొమ్ము నిండి అలాగే ఉండిపోతే ఒళ్లు తయారీ తగ్గించేస్తుంది. ఖాళీ అయితే మళ్లీ వేగం పెంచుతుంది. పాల లెక్క మొత్తం ఇంతే. పనిలో ఉన్నంతసేపూ మూడు గంటలకోసారి తీయాలి. అది నాలుగున్నర, ఐదు గంటలైతే మొదటిరోజు ఏమీ తెలియదు, వారం పది రోజుల్లో సీసాలో కనపడుతుంది. సీజన్లో నాకు ఎగిరిపోతున్నది మధ్యాహ్నం రెండింటి పంపు. వేలం ముగిసి కాటాలు వేసి లెక్కలన్నీ ఒక్కసారిగా నా బల్ల మీద పడే టైము అదే.

అడిగేటప్పుడు "కొంచెం వీలు చూడండి" అని అడక్కండి. టైములు చెప్పండి. మా యజమాని అరవై దాటిన మనిషి, పెద్ద గొంతు. నేను ఇలా అన్నాను: "పాపకి పాలు తీసుకోవాలండి. పదకొండింటికి, రెండింటికి, నాలుగున్నరకి, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. కంప్యూటరు గదికి లోపల గొళ్లెం కావాలండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు కాసేపు. "గొళ్లెందేముందమ్మాయ్, సాయంత్రమే పెట్టిస్తా. ఆ రెండింటికే... రైతులు నిలబడి ఉంటారు కదా."

"ముందు రైతుల పట్టీలు రాసేసి, బయ్యర్ల లెక్క వచ్చి రాస్తానండి. సాయంత్రం అరగంట ఆగుతాను కావాలంటే."

"ఆగొద్దులే, పిల్ల ఏడుస్తది," అన్నాడు. అంతే, తెగిపోయింది.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. బిడ్డకి పదిహేను నెలలు నిండే వరకు, మామూలు విరామం కాక పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు ఇవ్వాలన్నది 1961 నాటి మాతృత్వ ప్రయోజనాల చట్టం నుంచీ ఉన్న నియమం. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి సెలవు 26 వారాలైంది, 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. అయితే కొట్లకి ఇవి వర్తించాలంటే కనీసం పదిమంది పనివాళ్లుండాలి. మాలాంటి చిన్న కొట్లలో చట్టం కంటే గొళ్లెమే దిక్కు. విజయవాడ, గుంటూరుల్లో పెద్ద ఆస్పత్రుల్లో, కాలేజీల్లో, బ్యాంకుల్లో చేసే వాళ్లు మాత్రం మొహమాటపడకుండా అడగండి. మీకిచ్చేది దయ కాదు.

ఒక పంపు తప్పదు అనుకున్న రోజు ఐదు నిమిషాలైనా చేత్తో పిండండి. పూర్తిగా మానేయడం కంటే అది చాలా నయం.

ఇంట్లో గిన్నె

ఇది ఎవరూ చూడరు. నేను ఇంట్లో లేనప్పుడు పాపకి పాలు పట్టేది మా అత్తయ్య. సీసా ఆవిడకి గిట్టదు, ఉగ్గుగిన్నెతోనే పడుతుంది. మంచిదే, సీసా కంటే గిన్నె కడగడం తేలిక, శుభ్రం. ఒక సాయంత్రం ఇంటికి రాగానే ఆవిడ గుమ్మంలోనే అంది: "నీ పాలు చాలట్లేదే అమ్మాయ్. మూడు గిన్నెలు తాగి ఇంకా నోరు తెరుస్తంది."

బిడ్డ పట్టిన ప్రతిదీ మింగుతుంది, ఒళ్లో పడుకోబెట్టి నోట్లో పోస్తుంటే మింగక ఏం చేస్తుంది? రొమ్ము దగ్గర అలా కాదు, తనకి కావాలంటే లాగుతుంది, ఆగుతుంది, మళ్లీ లాగుతుంది. గిన్నెతోనైనా సీసాతోనైనా ఆ ఆగడం మనం కల్పించాలి. పాపని దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవి దాకా వచ్చేలా వంచి ఆగండి. పాపే నాలుకతో అందుకుంటుంది. నాలుగైదు గుక్కలకోసారి దించి చూడండి. తల తిప్పేసినా, పెదవులు మూసినా చాలు. సీసా అయితే అన్నిటికంటే నిదానంగా పాలొచ్చే నిపిల్ పెట్టి, సీసా అడ్డంగా పట్టుకోండి.

ఎంత పెట్టి వెళ్లాలి? ఒకటి నుంచి ఆరు నెలల మధ్య పిల్లలు తల్లిపాలు రోజు మొత్తానికి సగటున 750 మి.లీ. దాకా తాగుతారు, కొందరు తక్కువ, కొందరు ఎక్కువ. పోతపాలలా నెలనెలా పెంచుకుంటూ పోనక్కర్లేదు. మనం ఇంట్లో లేని ఒక్కో గంటకి 25 నుంచి 35 మి.లీ. లెక్క వేసుకోవచ్చు. తొమ్మిది గంటలకి 225 నుంచి 315. నేను 60 మి.లీ. చొప్పున చిన్న డబ్బాల్లో పెట్టి వెళ్లడం మొదలుపెట్టాను. 120 డబ్బా ఉంటే అది అయిపోయే దాకా పట్టాలనిపిస్తుంది పెద్దవాళ్లకి, వృథా చేయడం ఇష్టం ఉండదు కాబట్టి. అత్తయ్యతో "తక్కువ పట్టండి" అనలేదు. "ఏడిచిన ప్రతిసారీ ఆకలేనా అత్తయ్యా, ఒకసారి భుజాన వేసుకుని చూడండి, నిద్రకేమో" అన్నాను. ఆవిడ పెంచిన పిల్లల ముందు నేనెంత! వారం తిరక్కుండా ఆవిడే చెప్పింది, "రెండు డబ్బాలు మిగిలినయ్".

నా కొరతలో సగం ఈ గిన్నెలో తేలింది.

ఇంట్లో ఉన్నప్పుడు పంపు పక్కన పెట్టి నేరుగా రొమ్ముకే పట్టండి. పాలు చేయించే ప్రోలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ ఉంటుంది కాబట్టి రాత్రి పాలు మాన్పించకండి. ఆదివారాలు పాప అడిగినప్పుడల్లా ఇవ్వండి. ఇది చాలక, నిజంగానే తగ్గాయి అనుకుంటే పవర్ పంపింగ్ అని ఉంది. ఇరవై నిమిషాలు పంపు, పది నిమిషాలు విశ్రాంతి, పది పంపు, పది విశ్రాంతి, పది పంపు. మొత్తం గంట. పిల్లలు ఎదిగే రోజుల్లో మాటిమాటికీ రొమ్ముకి ఎగబడతారు చూశారా, అదే మిషనుతో చేయడం. రోజుకి ఒక్కసారి చాలు, వారం దాకా చేసి చూడాలి. నిజం చెప్పాలంటే నాకది నచ్చలేదు, రాత్రి తొమ్మిదింటికి గంటసేపు మిషనుకి కట్టేసినట్టుంటుంది. మా పిన్ని కూతురు, విజయవాడ పటమటలో ఉంటుంది, దానికి బాగానే పనిచేసింది. ఓపిక ఉన్నవాళ్లు చేయండి.

ఒళ్లు

పై మూడూ సరిచేశాక కూడా తేడా ఉంటే ఒంటి వైపు చూడాలి. నెలసరి మళ్లీ మొదలైతే, వచ్చే ముందు కొన్ని రోజులు పాలు తగ్గి తర్వాత వాటంతటవే పెరుగుతాయి. గర్భ నిరోధక మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉన్నవి పాలు తగ్గిస్తాయి. ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్ అలాంటిదే. ఛాయ అనే మాత్రలో హార్మోను లేదు, కాపర్-టీ వల్ల కూడా పాలకి ఇబ్బంది లేదు. ఏది వాడాలో మీ డాక్టరమ్మతో, లేదా ఏఎన్‌ఎమ్‌తో మాట్లాడి మార్చుకోండి. జలుబుకి ముక్కు దిబ్బడ తీసే మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే అదీ తగ్గిస్తుంది. కారణం తెలియకుండా తగ్గుతూనే ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్ష చేయించుకోండి. మళ్లీ కడుపొచ్చిందేమో కూడా చూసుకోవాలి, నవ్వకండి.

తిండి సంగతి. పాలసొర పులుసు, పచ్చి బొప్పాయి కూర, మునగాకు, వెల్లుల్లి కారం, ఇవన్నీ మనవాళ్లు బాలింతకి పెట్టేవి. నేనూ తిన్నాను, రుచిగా ఉంటాయి, ఒంటికి మంచివి. వీటివల్లే పాలు పెరుగుతాయని గట్టిగా చెప్పే రుజువు మాత్రం తక్కువ. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే కడుపునిండా ఇంకో పూట భోజనం. సీజన్లో మధ్యాహ్నం టీ బిస్కెట్లతో గడిపేస్తే ఏ పొడీ ఆదుకోదు. నీళ్లు దాహం తీరా తాగండి. బలవంతంగా చెంబులు చెంబులు పట్టినా పాలు పెరగవు, పథ్యం పేరుతో తగ్గించడం మాత్రం అసలు వద్దు. మెంతులు, శతావరి పొడులు తెగ అమ్ముతారు. మెంతులు షుగరు తగ్గిస్తాయి, కొందరికి గ్యాస్ పడుతుంది. షుగరు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు అడిగి వాడాలి. డాంపెరిడోన్ గ్యాస్ మాత్రే కదా అని మెడికల్ షాపులో సొంతంగా కొనకండి. గుండె లయ మీద పనిచేసే మందు అది, డాక్టరు రాస్తేనే.

రొమ్ములో ఒకచోట గట్టిపడి ఎర్రబడి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించండి. పాలివ్వడం ఆపక్కర్లేదు.

ఎండాకాలం నిల్వ

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు ఉంటాయని రాస్తారు. మన గుంటూరు ఏప్రిల్లో ఆ గది ఎక్కడుంది? తీసిన వెంటనే ఐస్ ప్యాకులున్న సంచీలో పెట్టేయండి, ప్యాకులు గడ్డగా ఉన్నంతవరకు అలా 24 గంటల దాకా ఉంచొచ్చు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, తలుపులో కాదు, లోపల వెనకవైపు. డీప్ ఫ్రిజ్‌లో ఆరు నెలల్లోపు వాడేయడం మంచిది. వెచ్చటి పాలు చల్లటి పాలలో పోయకండి, చల్లారాక కలపండి. గడ్డ కరిగిన పాలు ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లో వాడాలి, మళ్లీ గడ్డ కట్టించకూడదు. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో కాకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబెట్టండి. తాగగా మిగిలినవి రెండు గంటల్లోపు వాడండి, లేదా పారబోయండి. ఈ ఆఖరి మాట మా అత్తయ్యకి ఇప్పటికీ మింగుడు పడదు.

అన్నీ చేశాక కూడా రోజూ ఒక గిన్నె తక్కువైతే, పిల్లల డాక్టరుని అడిగి ఆ ఒక్క గిన్నెకి పోతపాలు పట్టండి. డబ్బా మీద రాసిన కొలతకి నీళ్లు ఎక్కువ కలపకండి. మిగిలిన పూటలు మీ పాలే ఇవ్వండి, పంపు టైములు మార్చకండి. ఆరు నెలలు నిండి ఉగ్గు మొదలుపెట్టాక పాల అవసరం మెల్లగా తగ్గుతుంది. అప్పుడు ముందుగా తక్కువ పాలొచ్చే పంపు ఒక్కటి మానేసి, వారం ఆగి, బరువుగా అనిపించకపోతే రెండోది మానేయండి. నేను ఆ నాలుగున్నరది ముందు మానేశాను.